బొంత గోడెక్కే ముందు

తమ్ముడికి,

నీ వ్యాసం ఆగి ఆగి చదివాను. పాత అమెరికన్ క్విల్టులు, అంటే గుడ్డముక్కలు అతికి కుట్టిన బొంతలు, పోగుచేసే ఆవిడ ఇంటికి పోయి కూర్చున్నావు, ఆవిడ బొంతలు మ్యూజియం గోడమీద వేలాడిన సాయంత్రం కూడా పక్కనే ఉన్నావు. కాబట్టి నీ దగ్గర సరుకుంది. కానీ ప్రారంభోత్సవానికి పేజీలకు పేజీలు పోసి, ఆవిడ ఇంటిని ఒక్క పేరాలో తేల్చేశావు. ఆ పాళ్లు తిరగెయ్యి. ఆ సాయంత్రం ఆవిడ కూడా చేతులు కట్టుకుని నిలబడ్డ అతిథే. ఆవిడ చెయ్యాల్సిన పనంతా అప్పటికే అయిపోయింది. సేకర్త బతుకు ఆ పనిలో ఉంది. రాయాల్సింది దాన్ని.

మడతల సంగతే చూడు. ఏళ్ల తరబడి ఒకేచోట మడిచి ఉంచిన గుడ్డ ఆ గీత వెంటే చిరుగుతుంది. అందుకే ఏడాదిలో కొన్నిసార్లు ప్రతి బొంతనూ విప్పి, పాత గీత మీద పడకుండా కొత్తచోట మడవాలి. సగానికి మడిస్తే నడిమధ్యనే అరుగుతుందని మూడు పాళ్లుగా మడుస్తారు. మడత నలగకుండా లోపల యాసిడ్ లేని టిష్యూ కాగితం చుట్ట పెడతారు. ఎంత ముచ్చటైన చెక్కపెట్టె ఉన్నా గుడ్డను నేరుగా అందులో పెట్టరు, చెక్క నుంచి వచ్చే ఆమ్లానికి పసుపు మరకలు పడతాయి. అటక మీద వేడి, నేలమాళిగలో చెమ్మ. అందుకే చాలామంది సేకర్తల ఇళ్లలో మనుషులు పడుకోవాల్సిన గదిలోనే బొంతలు ఉంటాయి.

ఇవన్నీ వరసగా ఏకరువు పెట్టమని కాదు. ఒక్క మడత మార్చే పూటను తీసుకో. ఆ పనికి ఇద్దరు మనుషులు కావాలి. నువ్వు వెళ్లిన రోజుల్లో రెండో కొస పట్టుకున్నది నువ్వేనని నా అనుమానం. పట్టుకుని ఉంటే, అది ఎంత బరువుంది, ఎక్కడ బిరుసుగా తగిలింది, ఏ ముక్క ముట్టుకోవద్దని ఆవిడ హెచ్చరించింది, అవి రాయి. పంతొమ్మిదో శతాబ్దపు అద్దకంలో కొన్ని గోధుమ రంగులకూ నలుపులకూ ఇనుప లవణాలు వాడేవారు. ఆ ఇనుమే గుడ్డను తినేస్తుంది. పక్కనున్న ఎరుపు ముక్క నిన్న కుట్టినట్టు నిగనిగలాడుతుంటే, గోధుమ పువ్వు మాత్రం పొడిపొడిగా రాలిపోతుంది. అడ్డదిడ్డమైన ఆకారాల పట్టుముక్కలతో కుట్టిన క్రేజీ క్విల్టుల బాధ ఇంకోటి. ఆ కాలంలో పట్టుకు బరువు రావడానికి లోహ లవణాలు పట్టించేవారు, అందువల్ల చీకట్లో భద్రంగా ఉంచినా అది నిలువునా చీలుతుంది. ఇలాంటి బొంతను ప్రదర్శనకు ఇవ్వనా వద్దా అని ఆవిడ ఎన్నిరోజులు తర్జనభర్జన పడిందో నువ్వు అడిగావా?

నీ వ్యాసంలో నాకు బాగా లోటనిపించింది ఇంకొకటి ఉంది. మొదటి వాక్యం నుంచి చివరిదాకా బొంత వెనకవైపు ఒక్కసారీ కనబడలేదు. రంగులు, నక్షత్రాలు, త్రికోణాలు, అన్నీ ముందువైపే. అనుభవమున్న సేకర్త బొంత చేతికి రాగానే తిరగేస్తుంది. పైగుడ్డ, దూది, అస్తరు అనే మూడు పొరలనూ కలిపిన కుట్టు అసలు రూపం అస్తరు మీదే తెలుస్తుంది. ఒక మూల పొడి అక్షరాలు, ఒక సంవత్సరం ఉండొచ్చు. పిండి, దాణా బస్తాల గుడ్డ అస్తరుగా వేసి ఉంటే, దాని మీది అచ్చు అక్షరాలు ఉతికి ఉతికి వెలిసినా లీలగా కనిపించొచ్చు. ముందువైపు కుట్టినావిడ లోకానికి చూపించాలనుకున్నది. వెనకవైపు ఆవిడ దగ్గర అప్పుడేముందో అది.

కాలం కట్టడం కూడా సేకర్త నిత్యకృత్యమే, నీలాంటి రచయితకు అది మంచి పాఠం. ఒక బొంతలో పది రకాల గుడ్డలుంటే, వాటిలో అన్నిటికంటే కొత్తదేదో చూడాలి. బొంత దానికంటే పాతది కావడానికి వీల్లేదు. పైగుడ్డ ఒక తరంలో అతికి పెట్టెలో పెడితే, తర్వాతి తరంలో ఎవరో తీసి దూదీ అస్తరూ వేసి పూర్తి చేసినవీ ఉంటాయి. ‘అమెరికా అంతర్యుద్ధానికి ముందు మా ముత్తవ్వ కుట్టింది’ అని ఇంటివాళ్లు మనస్ఫూర్తిగా చెబుతారు, గుడ్డేమో ఆ తర్వాతి కాలానిదని తేలుతుంది. అలాంటప్పుడు మంచి సేకర్త ఆ కథను చెరిపెయ్యదు. ఇంటివాళ్లు ఇలా చెప్పారు, గుడ్డ ఇలా చెబుతోంది అని రెండూ రాసిపెడుతుంది. నువ్వూ అదే చెయ్యి. నీ రెండో పేజీలో ఉన్న ‘బానిసలు పారిపోవడానికి దారి చూపిన రహస్య గుర్తుల బొంతలు’ అనే వాక్యం మాత్రం తీసెయ్యి. 1990ల చివర బాగా ప్రచారమైన కథ అది. ప్రదర్శనకు వచ్చినవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. ఆనాటి ఆధారమేదీ దానికి లేదని చరిత్రకారులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ప్రాణాలకు తెగించి పారిపోయినవాళ్ల నిజమైన చరిత్ర ఉండగా, ఆధారం లేని కథతో వాళ్లను గౌరవించలేం.

బొంతలు మ్యూజియంకి బయల్దేరిన రోజును ‘కూతుర్ని అత్తారింటికి పంపినట్టు’ అని రాశావు. కొట్టెయ్యి. ఆ పోలిక ఎవరైనా ఎక్కడైనా వాడగలరు. ఆ రోజు జరిగినదాన్నే చెప్పు. కండిషన్ రిపోర్టు అని ఒకటి ఉంటుంది: బొంత బొమ్మ గీసి, ఏ మరక ఎక్కడ, ఏ చిరుగు ఎంత పొడవు, ఏ కుట్టు వదులైంది అని గుర్తుపెట్టిన కాగితం, ఫొటోలతో సహా. అందులో విశేషణాలుండవు. చూసింది చూసినట్టు రాయడమే. మన వృత్తివాళ్లందరూ చదవాల్సిన రాత అది. మ్యూజియంకి బొంతను ఎరువిచ్చే ఒప్పందంలో, అదే లోన్ అగ్రిమెంటులో, బీమాకు బొంత విలువెంతో వెయ్యాలి, లేబుల్ మీద తన పేరు వేయించుకోవాలా, ‘ప్రైవేటు సేకరణ’ అంటే చాలా అన్నది తేల్చుకోవాలి. ఇన్ని బొంతలు ఇంట్లో ఉన్నాయని ఊరందరికీ తెలియడం కొందరికి ఇష్టముండదు. ఆవిడ ఏది ఎంచుకుంది, ఎందుకు? ఆ ఒక్క జవాబులో మనిషి కనబడుతుంది.

మ్యూజియంలో వేలాడదీయడానికి బొంత వెనక పైఅంచున నూలుగుడ్డ గొట్టం ఒకటి చేత్తో కుడతారు, అందులోంచి కడ్డీ దూరుస్తారు. సూది ముందువైపుకు రాకూడదు. హాల్లో వెలుతురు సాధారణంగా 50 లక్స్ దాటనివ్వరు (లక్స్ అంటే వెలుతురు కొలత). వెలుతురు చేసిన చెరుపు మళ్లీ తగ్గదు, పోగవుతూనే ఉంటుంది. అందుకే కొన్ని నెలలు చూపించి మళ్లీ చాలాకాలం చీకట్లో విశ్రాంతినిస్తారు. ‘మసక వెలుగులో రహస్యంగా మెరిశాయి’ అని రాశావే, ఆ మసక ఎందుకో చెబితే పాఠకుడు నీకంటే ఎక్కువ కదులుతాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో జొనాథన్ హోల్‌స్టీన్, గేల్ వాన్ డెర్ హూఫ్ తాము సేకరించిన క్విల్టులను చిత్రపటాల్లా గోడలకెక్కించారు. పక్కలమీద వేసుకునే వస్తువును కళగా చూడటం ఎందరికో ఆ ప్రదర్శన నేర్పింది. ఆ బొంతలు ఇప్పుడు నెబ్రాస్కా రాష్ట్రం లింకన్‌లోని ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియంలో ఉన్నాయి. చాలా మేలు చేసిన ప్రదర్శన అది, ఆ మాట గట్టిగానే చెబుతాను. కానీ వాటిలో చాలావాటిని కుట్టినదెవరో తెలియదు. గోడమీదికి వెళ్లగానే బొంత బొమ్మవుతుంది, కుట్టిన చెయ్యి చాటుకు పోతుంది. ఆ చేతి గురించి ఏమైనా మిగిలితే, మధ్యలో దాన్ని పట్టుకున్న సేకర్త దగ్గరే మిగలాలి. ఆవిడ ఇంటికి ఎక్కువ పేజీలు ఇవ్వమన్నది అందుకే.

హారియెట్ పవర్స్ 1837లో జార్జియాలో బానిసగా పుట్టిన మనిషి. బైబిల్ కథలను 11 గడుల్లో గుడ్డబొమ్మలుగా అతికి కుట్టిన బొంతను 1886లో అక్కడి ఏథెన్స్ పట్టణంలో పత్తి సంతలో ప్రదర్శనకు పెట్టింది. జెన్నీ స్మిత్ అనే చిత్రలేఖనం టీచరు చూసి కొంటానంది. ఎంతిచ్చినా అమ్మనంది పవర్స్. కొన్నేళ్లకు ఇంట్లో ఇబ్బందులొచ్చి తనే 10 డాలర్లకు ఇస్తానని వస్తే, స్మిత్ ఇవ్వగలిగింది 5 డాలర్లే. అంతకే ఇచ్చేసింది. ఒక్కో గడిలో ఏముందో పవర్స్ విడమరిచి చెబితే స్మిత్ రాసుకుంది. తర్వాత కూడా పవర్స్ తన బొంతను చూసుకోవడానికి వస్తుండేది. అది ఇవాళ స్మిత్సోనియన్ వారి అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. ఏ గడిలో ఏ కథో పవర్స్ మాటగా మనకు తెలుస్తోందంటే ఆ రాత వల్లే. ఐదు డాలర్ల బేరం, అక్షరాల్లో నిలబెట్టిన మాట, రెండూ ఒకే సేకర్త చేతిమీదుగా జరిగాయి. నీ వ్యాసంలోని ఆవిడ విషయంలోనూ బేరం సంగతి అడుగు. ఎవరి దగ్గర కొంది, ఎంతకు కొంది, అమ్మినవాళ్లు ఎందుకు అమ్మారు? ప్రదర్శనకెక్కాక దాని ధర పెరిగితే ఆ లాభం ఎవరిది? మొహమాటపడకు. నిజంగా బొంతల్ని ప్రేమించే మనిషి ఈ ప్రశ్నలు తనకు తానే ముందే వేసుకుని ఉంటుంది.

పేరు నిలబెట్టడమంటే ప్రతిసారీ పేరు బయటపెట్టడమే అనుకోవద్దు. రోజీ లీ టాంప్కిన్స్ అన్నది మారుపేరు. కాలిఫోర్నియాలో ఆవిడను కలిసి, ఆవిడ పనిని ఏళ్లపాటు సేకరించిన ఈలై లియాన్, తెరచాటున ఉండాలన్న ఆవిడ కోరికను మన్నించి ఆ పేరుతోనే ప్రదర్శించాడు. 2018లో ఆయన పోయాక ఆఫ్రికన్ అమెరికన్లు కుట్టిన దాదాపు 3,000 క్విల్టులు వీలునామా ప్రకారం బర్క్‌లీ ఆర్ట్ మ్యూజియానికి చేరాయి. అన్ని బొంతల మధ్య ఆయన ఎలా బతికాడో ఊహించి చూడు, నీ తర్వాతి వ్యాసం కూడా దొరుకుతుంది.

అలబామాలోని గీస్ బెండ్ బొంతల 2002 ప్రదర్శనలో కుట్టినవాళ్ల పేర్లు బొంతల పక్కనే ఉన్నాయి. మిసౌరీ పెట్‌వే భర్త పోయాక ఆయన పొలం బట్టలనే ముక్కలుచేసి 1942లో ఒక బొంత కుట్టింది. పనిబట్టలతో కుట్టిన ఆ ఊరి బొంతల్లో జేబు ఊడదీసినచోట ముదురు రంగు గుర్తు కనబడుతుంది, చుట్టూ గుడ్డంతా ఎండకు వెలిసిపోయి ఉంటుంది. రాసేటప్పుడు అలాంటి గుర్తు కోసం చూడు. దాని పక్కన ‘హృదయవిదారకం’ అనే మాట అవసరం ఉండదు.

రెండో ప్రతికి నువ్వు చెయ్యాల్సింది ఉంది. ప్రదర్శన ఎప్పుడు ముగుస్తుందో కనుక్కో. బొంతలు తిరిగొచ్చిన పెట్టెను ఇంటి వాతావరణానికి అలవాటు పడేదాకా ఒక రోజు అలాగే ఉంచుతారు. తర్వాత విప్పి, కండిషన్ రిపోర్టు పక్కన పెట్టుకుని అంగుళం అంగుళం సరిచూస్తారు, పురుగేమైనా వెంట వచ్చిందేమో వెతుకుతారు. ఆ పూట నువ్వక్కడ ఉండాలి. ఆవిడను ఇప్పుడే అడిగి పెట్టుకో, వెళ్లేటప్పుడు ఉంగరాలూ గడియారమూ తీసి వెళ్లు, పెన్ను కాకుండా పెన్సిలు పట్టుకెళ్లు. రాసింది నాకు పంపు, ఎంత పొడవైనా సరే.

ప్రేమతో,
అక్క