రిలీజ్ వారంలో ఒంటరిగా ఉన్న తల్లికి

ఆయన వచ్చే వారమంతా క్లయింట్ దగ్గర ఉంటారు, నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్, బాబుకి మూడేళ్ళు, డేకేర్ ఆరింటికి మూసేస్తారు, అమ్మావాళ్ళు మొన్ననే ఇండియా వెళ్ళిపోయారు, తెలిసినవాళ్ళు ఉన్నారు గానీ అడగాలంటే మొహమాటం అని రాశావు. ముందు ఆ మొహమాటం సంగతే మాట్లాడుకుందాం తల్లీ, మిగతావన్నీ దాని తర్వాతే.

న్యూజెర్సీలో ఈ ఎడిసన్ ఊరికి వచ్చిన కొత్తలో నేనూ ఎవరినీ ఏదీ అడిగేదాన్ని కాదు. ఓక్ ట్రీ రోడ్డుకి కూరగాయలకి వెళ్తే చాలామంది పలకరించేవాళ్ళు, శనివారం వస్తే ఎవరో ఒకరింట్లో పుట్టినరోజు. అయినా సాయంత్రం ఐదున్నరకి ఫోన్ చేసి మా పాపని తీసుకొస్తావా అని అడిగేంత చనువు ఎవరి దగ్గరా పెంచుకోలేదు. ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి, మనం బరువు కాకూడదు అనుకున్నాను. అలా ఉండగా ఒక సాయంత్రం, ఆయన ఒహాయోలో ఉన్నారు, నేను మన్‌హటన్ నుంచి మా మెట్రోపార్క్ స్టేషన్‌కి వస్తున్న రైలు మధ్యలో నిలిచిపోయింది, డేకేర్‌లో టైము దాటితే నిమిషాల లెక్కన ఫైన్. ఇక గత్యంతరం లేక పక్క బిల్డింగులో ఉండే కాకినాడ అక్కకి ఫోన్ చేశాను. ఆవిడ పొయ్యి మీది పప్పు దించేసి పరిగెత్తింది.

తీరా వెళ్తే, పిల్లల్ని ఎవరు తీసుకెళ్ళొచ్చో రాసే పికప్ ఫారంలో మీ పేరు లేదు, పాపని ఇవ్వం అన్నారు. వాళ్ళన్నది సబబే, ఎవరొచ్చి అడిగినా పిల్లల్ని ఇచ్చేసే చోట మనం మాత్రం వదుల్తామా? పాప కోటు వేసుకుని, బ్యాగు తగిలించుకుని అద్దం తలుపు అవతల నిలబడి ఉంది, అక్క ఇవతల. నేను రైల్లోంచే ఈమెయిల్ పంపి, ఫోన్లో అడిగినవన్నీ చెప్పి, వాళ్ళు ఆవిడ లైసెన్సు చూసి పేరు సరిపోల్చుకున్నాకే వదిలారు. అంతా అయ్యాక చూస్తే ఆవిడ కారులో పిల్లల్ని బెల్టు కట్టి కూర్చోబెట్టే కార్ సీటు లేదు! ఎముకలు కొరికే చలిలో పిల్లని చంకనేసుకుని నడిచి ఇంటికి తెచ్చింది. నేను వెళ్ళేసరికి పాప పప్పన్నం తిని నిద్రపోతోంది. "ముందే చెప్పుంటే నా పేరు రాయించేదానివి కదే" అని అక్క గట్టిగానే కేకలేసింది.

అందుకని ఈ శుక్రవారమే డేకేర్‌కి వెళ్ళి పికప్ ఫారంలో ఇద్దరి పేర్లు రాయించు. ఒక్కరు చాలరు, ఆ ఒక్కరి ఇంట్లోనూ జ్వరాలు వస్తాయి. ఫొటో ఐడీ దగ్గర ఉంచుకోమని వాళ్ళకి చెప్పు. కార్ సీటు పొద్దున దింపేటప్పుడు డేకేర్‌లోనే వదిలి రావచ్చేమో అడుగు. న్యూజెర్సీలో ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి, 57 అంగుళాల ఎత్తు వచ్చేదాకా, కార్ సీటో, కాస్త పెద్దపిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టరో తప్పనిసరి, అది ఎవరి కారైనా సరే. 2018 నుంచి ఈ రాష్ట్రంలో సంపాదించుకున్న సిక్ లీవ్ ఏడాదికి 40 గంటల దాకా వాడుకోవచ్చు, పిల్లాడికి ఒంట్లో బాగోకపోయినా పనికొస్తుంది. మిగతా వివరాలు మీ హెచ్‌ఆర్‌ని అడిగితే చెప్తారు.

అడగడం ఎలాగంటావా, "ఈ వారం కొంచెం హెల్ప్ కావాలి" అని గ్రూపులో పెట్టకు. అందరూ చేతులు జోడించిన బొమ్మ పెడతారు, ఎవరూ రారు. ఒక్కొక్కరికి విడిగా ఫోన్ చేసి, మంగళవారం ఐదున్నరకి తీసుకొచ్చి ఏడున్నర దాకా ఉంచుకోగలవా, కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పు అని అడుగు. రోజు, గంట చెప్తే అవతలివాళ్ళు తమ వీలు చూసుకుంటారు. జ్వరం ఉంటే ఉందని చెప్పు, ముఖ్యంగా వాళ్ళింట్లో పసిబిడ్డ ఉంటే. పొద్దున మందు వేసి డేకేర్‌కి పంపిద్దామని మాత్రం అనుకోకు. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే చాలాచోట్ల మళ్ళీ రానిస్తారు, మధ్యాహ్నానికల్లా వచ్చి తీసుకెళ్ళమని ఫోన్ వస్తుంది.

మేమిద్దరం ఉద్యోగాలు చేస్తూనే ఇద్దరు పిల్లల్ని పెంచుకొచ్చాం, ఎవరమూ పని మానలేదు, గర్వంగానే చెప్తున్నాను. అది మా ఒక్కళ్ళ వల్ల కాలేదు. మీకు ఏ పనికి ఏ యాప్ ఉందో నోటికి వచ్చు, ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారో మాత్రం తెలీదు. సగం తెలుగువాళ్ళే ఉన్న అపార్ట్‌మెంట్లలో కూడా, బాత్‌రూమ్‌లో జారిపడితే ఎవరిని పిలవాలో తెలియని ఆడపిల్లలు ఉన్నారు, నా బెంగంతా అదే. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉంటే ఆ ఆరు నెలలూ ఎవరితోనూ పని పడదు, వాళ్ళు విమానం ఎక్కిన మర్నాడు చూస్తే చుట్టూ ఎవరూ ఉండరు. తెలుగువాళ్ళే కావాలనీ లేదు, మా పక్కింటి గుజరాతీ ఆంటీ మా చిన్నాడిని స్కూలు బస్సు దగ్గర ఎన్నిసార్లు అందుకుందో లెక్కలేదు.

డబ్బులివ్వాలా అని అడిగావు. స్నేహితులకి ఇవ్వబోకు, నొచ్చుకుంటారు. రిలీజ్ అయిపోయిన శనివారం వాళ్ళ పిల్లల్ని నీ దగ్గర ఉంచుకో, వాళ్ళు ఇండియా వెళ్తుంటే తెల్లవారుజామునైనా నెవార్క్ ఎయిర్‌పోర్టులో నువ్వే దింపు. బాబు బ్యాగులో రెండు జతల బట్టలు, వాడు తినే పెరుగన్నం డబ్బా, జ్వరం మందు పెట్టు. ఎంత వెయ్యాలో డాక్టరు చెప్పిన లెక్క, డాక్టరు నంబరు కాగితం మీద రాసి మందు డబ్బాకి అతికించు. మంగళవారానికి ఎవరూ కుదరకపోతే నాకు ఆదివారం రాత్రి లోపు చెప్పు, మా వీధిలో ఒకరిద్దరిని నేను అడుగుతాను.