ముందు ఆకు పేరు రాయి

అమ్మాయీ,

యులిసిస్ సీతాకోకచిలుక మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మూడో పేరాలో "పట్టుగూడు చీల్చుకుని నీలి రాకుమారుడు బయటికొచ్చాడు" అన్నావు. ఏ పట్టుగూడు? గూడు అల్లేది పట్టుపురుగు. యులిసిస్ లాంటి పాపిలియో జాతి గొంగళిపురుగులు అల్లవు. తోక చివరను కాస్త పట్టుతో పుల్లకి అంటించుకుని, నడుముకి ఒకే దారం మొలతాడులా చుట్టుకుని, ఆఖరిసారి చర్మం వదిలేస్తాయి. ప్యూపా, అంటే పురుగు సీతాకోకగా మారే దశ, బట్టబయలుగానే ఉంటుంది.

"ఎవరో నీలం పూసినట్టు" అన్నదీ తీసెయ్. అక్కడ పూసిన రంగేమీ లేదు. రెక్క మీది పొలుసుల్లో పొరలు పొరలుగా ఉన్న నిర్మాణం వెలుగులోంచి నీలాన్ని వెనక్కి కొడుతుంది. పొలుసు నలిగితే నీలమూ పోతుంది. అదైనా రెక్క పైవైపే, కిందంతా గోధుమా నలుపూ. అందుకే అడవిలో ఎగురుతుంటే మెరిసి మాయమవుతూ ఉంటుంది, రెక్కలు మూసి వాలిందంటే కళ్లెదుట ఉన్నా ఆనదు. "మిణుకుమని ఆరిపోయింది" అన్న నీ వాక్యం బాగుంది, ఉంచు.

నాలుగు పేజీలు రాశావు గానీ అది ఏం తిని బతుకుతుందో ఒక్కచోటా లేదు. పురుగు గురించి రాసేవాళ్లు ముందు ఆకు పేరు రాయాలి. ఛాదస్తం అనుకున్నా సరే. ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్ వర్షారణ్యంలో యులిసిస్ గొంగళిపురుగుకి ముఖ్యమైన తిండి మెలికోప్ ఎలరియానా అనే చెట్టు. గుడ్లు పెట్టడానికి ఆడది మహావృక్షాలు వెతకదు, 2 మీటర్ల లోపు మొక్కలంటేనే దానికి ఇష్టం. అక్కడివాళ్లు ఆ చెట్టుని పెరళ్లలో నాటడం ఈ జాతికి మేలు చేసింది. ఇంత కథ ఆ ఒక్క చెట్టు పేరులో ఉంది. సంపాదకులకి ఇది ఎక్కదు. చోటు చాలకపోతే మొదటి కత్తి చెట్టు పేరు మీదే పడుతుంది, "ప్రకృతి ఒడిలో" మాత్రం భద్రంగా అచ్చవుతుంది. ఒకాయన నా వ్యాసంలో గొంగళిపురుగు పేరా మొత్తం ఎత్తేశాడు, పాఠకులకి ఒళ్లు జలదరిస్తుందట!

మెలికోప్‌ది నిమ్మ కుటుంబం. మన కరివేపదీ అదే. కంబాలకొండ అడవి దాకా పోనక్కర్లేదు, డాబా మీద కుండీలో కరివేప మొక్క ఉంటే యులిసిస్ చుట్టాలు కామన్ మార్మన్, లైమ్ బటర్‌ఫ్లై అక్కడికే వస్తాయి. లేత ఆకుల మీద విడివిడిగా, గుండ్రంగా, లేత పసుపు గుడ్లు చూడు. 3 నుంచి 5 రోజుల్లో పొదుగుతాయి. పురుగు ముందు తన గుడ్డు పెంకే తింటుంది. మొదటి నాలుగు దశలూ అచ్చం పిట్టరెట్ట, ఐదో దశలో ఆకుపచ్చ. అప్పుడు అగ్గిపుల్లతో మెల్లగా తాకు. తల వెనక నుంచి రెండు పాయల మెత్తటి కొమ్ము బయటికి తన్నుకొస్తుంది, గుప్పున కంపు. దాని రంగేమిటో, కంపు ఎలాంటిదో నువ్వే రాయి.

డబ్బాలో పెంచుతావేమో, రైతుబజారు కరివేపాకు వెయ్యకు. మందు కొట్టిన ఆకైతే పురుగు చస్తుంది. మూత బిగించకుండా పల్చటి గుడ్డ కట్టు. బిగిస్తే మన విశాఖ ఉక్కకి లోపల చెమర్చి, రెట్టలకి బూజు పట్టి, పురుగు నీరుగారిపోతుంది. రోజూ దులపాలి. ఒకరోజు అది తిండి మానేసి, పల్చగా రెట్ట వేసి, అటూ ఇటూ తిరుగుతుంది. జబ్బనుకోకు, ప్యూపా కావడానికి చోటు వెతుక్కుంటోంది. పుల్ల ఒకటి ఏటవాలుగా నిలబెట్టు, చుట్టూ జాగా ఉండాలి. బయటికొచ్చిన సీతాకోకకి రెక్కలు వేలాడదీసుకునే చోటు లేకపోతే అవి ముడతలతోనే గట్టిపడతాయి, ఇక ఎగరదు. ఒక్కోసారి ప్యూపాలోంచి సీతాకోక బదులు, దాన్ని లోపల్నుంచి తిని పెరిగిన చిన్న చిన్న కందిరీగలు వస్తాయి. వస్తే రానీ, అదీ వ్యాసమే.

కలంపేరు సంగతి అడిగావు, ఇప్పుడు కాదు. పచ్చటి కొమ్మ మీదైతే ప్యూపా ఎక్కువగా ఆకుపచ్చగా, ఎండుపుల్ల మీదైతే గోధుమగా ఉంటుంది. నీది ఏ రంగులో తేలిందో ఒక కార్డు ముక్క రాయి. వ్యాసం ఆ తర్వాత పంపుదువుగాని.