మాయా బే మూసి ఉన్న నెలలో మాయా బే టికెట్ అమ్మారు: డబ్బు ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. పోయిన సెప్టెంబరులో మావారు, నేను, ఇద్దరు అమ్మాయిలం సింగపూర్ వెళ్ళి అక్కడ క్రూజ్ ఎక్కాం. విమానం, హోటల్, ఓడ అన్నీ విజయవాడలోని ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర ప్యాకేజీగా తీసుకున్నాం. ఓడ ఫుకెట్‌లో ఆగే రోజు స్పీడ్‌బోట్ మీద ఫీ ఫీ దీవులకు తీసుకెళ్ళి మాయా బేలో దించుతామని మనిషికి 6,000 చొప్పున 24,000 రూపాయలు విడిగా కట్టించుకున్నారు. తీరా అక్కడికి వెళ్ళాక, బే మూసేశారని గైడ్ చెప్పి, పడవలోంచే ఫొటోలు తీసుకోమన్నాడు. వేరే రెండు చోట్లు చూపించి, భోజనం పెట్టించి వెనక్కి తెచ్చారు. డబ్బు అడిగితే ఏజెంట్ ‘అది థాయ్‌లాండ్ గవర్నమెంట్ ఆర్డర్, మా చేతుల్లో లేదు, నేను మధ్యవర్తిని మాత్రమే, పైగా నాన్ రిఫండబుల్’ అంటున్నాడు. ఓడ కంపెనీ ఆ ట్రిప్ తాము అమ్మలేదంటోంది. బిల్లు మీద ‘విజయవాడ కోర్టుల పరిధి మాత్రమే’ అని అచ్చు వేసి ఉంది. ఓడకు కట్టిన డబ్బుతో సహా మొత్తం అడగొచ్చా? ఇంకొక సంగతి. మా పెద్దమ్మాయి ఫుకెట్‌లో ఒక షాపులో కొన్న పగడపు కొమ్మను చెన్నై ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు తీసేసుకున్నారు. షాపు బిల్లు మా దగ్గర ఉంది. అది తిరిగి వస్తుందా?

జవాబు: అమ్మా, మీరు జతచేసిన వోచర్‌లో ఐదో లైను ఇంకోసారి చదవండి. ‘మాయా బే – 45 నిమిషాలు – స్విమ్మింగ్, ఫొటోలు’ అని ఉంది. కింద తేదీ సెప్టెంబరు. మీ కేసుకు అదే ప్రాణం.

మాయా బే ఫీ ఫీ లే అనే చిన్న దీవిలో, థాయ్‌లాండ్ జాతీయ పార్కు పరిధిలో ఉంది. రోజుకు వేలమంది వచ్చిపడి, పడవల లంగర్లు తగిలి అక్కడి పగడపు దిబ్బలు పాడైపోవడంతో 2018 జూన్‌లో ఆ చోటును మూసేశారు. కొత్తగా పగడాలు నాటారు. మనుషుల సందడి తగ్గేసరికి రెక్కల కొసలు నల్లగా ఉండే షార్కులు మళ్ళీ ఒడ్డు దగ్గరికి రావడం మొదలుపెట్టాయి. 2022 జనవరిలో తెరిచినప్పుడు గట్టి షరతులు పెట్టారు. పడవలు బే లోపలికి రాకూడదు, దీవి వెనక వైపు దిగి నడిచి రావాలి. విడతకు ఇంతమందే అని లెక్క ఉంటుంది. ఈత కొట్టనివ్వరు. ఇవికాక ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పూర్తిగా మూసేస్తున్నారు. కాబట్టి మీ వోచర్‌లో రాసిన ‘స్విమ్మింగ్’ ఏ నెలలో వెళ్ళినా దొరికేది కాదు. సెప్టెంబరులో అయితే అక్కడ దిగడమే కుదరదు.

గైడ్ మీద, పార్కు వాళ్ళ మీద మీ ఉత్తరంలో చాలా కోపం కనిపించింది. పార్కు వాళ్ళ మీద కోపం వద్దమ్మా. ఆ రెండు నెలలు మూస్తున్నారు కాబట్టే మిగతా నెలల్లో వెళ్ళేవాళ్ళకు చూడ్డానికి అక్కడ ఏదో మిగిలి ఉంటోంది. వాళ్ళు చేసింది సరైన పని. తప్పు చేసింది ఆ మూత సంగతి దాచి, లేదా కనుక్కోకుండా, టికెట్ అమ్మినవాళ్ళు.

‘గవర్నమెంట్ ఆర్డర్, మా చేతుల్లో లేదు’ అన్న మాట చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. కాంట్రాక్టు చట్టం, 1872లో సెక్షన్ 56 ఉంది. ఒప్పందం కుదిరాక, మాట ఇచ్చినవాళ్ళు ఆపలేని కారణంతో ఆ పని అసాధ్యమైతే ఒప్పందం చెల్లకుండా పోతుందని అది చెబుతుంది. తుఫాను వచ్చి పడవలు ఆపేశారనుకోండి, అది ఈ కోవలోకి వస్తుంది. అప్పుడు కూడా సెక్షన్ 65 ప్రకారం జరగని పనికి తీసుకున్న డబ్బు తిరిగివ్వాలి, నష్టపరిహారం మాత్రం ఉండదు. ఏజెంట్లు సాధారణంగా ఇక్కడిదాకానే చదివి వినిపిస్తారు. కానీ సెక్షన్ 56లోనే చివర ఇంకో పేరా ఉంది. ఒక పని అసాధ్యమని గానీ, చట్టానికి విరుద్ధమని గానీ మాట ఇచ్చేవాళ్ళకు ముందే తెలిసినా, కాస్త శ్రద్ధ పెడితే తెలుసుకోగలిగేదే అయినా, ఎదుటివాళ్ళకు ఆ సంగతి తెలియనప్పుడు, వాళ్ళకు కలిగిన నష్టాన్ని మాట ఇచ్చినవాళ్ళే భర్తీ చేయాలి. మీ వ్యవహారానికి సరిగ్గా సరిపోయేది ఈ పేరా. గ్రహణం రోజున గుడి మూస్తారని పంచాంగంలో ముందే ఉన్నా, ఆ వేళకే తిరుమల దర్శనంతో ప్యాకేజీ అమ్మి, ఆనక ‘దేవస్థానం వాళ్ళు మూశారు, నేనేం చేయను’ అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

వోచర్ అడుగున చిన్న అక్షరాల్లో ‘సబ్జెక్ట్ టు అవైలబిలిటీ’ (దొరికితేనే ఇస్తాం) అని కూడా ఉంది. ఏజెంట్ తరఫు లాయరు మొదట పట్టుకునేది దాన్నే. సీట్లు నిండిపోవడం, అలలు ఎక్కువగా ఉండటం, ఆఖరి నిమిషంలో పడవ చెడిపోవడం లాంటివాటికి ఆ మాట పనికొస్తుంది. క్యాలెండర్‌లో ముందే ఉన్న మూతకు అది అడ్డు కాదని మీరు వాదించవచ్చు. ఆ వాదన నిలుస్తుందనే నా అభిప్రాయం.

ఇక ఎవరిని అడగాలి? ఓడ కంపెనీని ఈ కేసులోకి లాగకండి. వాళ్ళు అమ్మలేదన్నది నిజమే, వోచర్ మీద వాళ్ళ పేరు లేదు. ఫుకెట్‌లో పడవ నడిపినవాళ్ళనూ వదిలేయండి. విదేశానికి నోటీసు పంపి, అది అందిందని చూపించడానికే నెలలు పడుతుంది. వోచర్ మీద ఉన్నది ఏజెంట్ పేరు, ఏజెంట్ లోగో, ఏజెంట్ ఫోన్ నంబరు. అక్కడి టూర్ సంస్థ పేరు ఎక్కడా లేదు. ఎవరి తరఫున పని చేస్తున్నాడో ఆ పేరు చెప్పని ఏజెంట్ తానే బాధ్యుడని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 230 భావిస్తుంది. ‘మధ్యవర్తిని’ అని తప్పించుకోవడానికి ఆ పేరు మీకు ముందే చెప్పి ఉండాల్సింది.

ఇంకో ఆధారం మీ దగ్గరే ఉండి ఉండాలి. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్ళు కొనేవాళ్ళ దగ్గర టీసీఎస్ (అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేసి కొన్నవారి పాన్ మీద జమ కట్టాలి. మీవారి పాన్‌తో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోకి వెళ్ళి, ఆ సంవత్సరపు 26ఏఎస్ (మీ పాన్ మీద జమ అయిన పన్నుల పట్టిక) తీసి చూడండి. అందులో ఆ ఏజెంట్ సంస్థ పేరుతో టీసీఎస్ కనిపిస్తే, ప్యాకేజీ అమ్మినది తామేనని వాళ్ళే ప్రభుత్వానికి చెప్పుకున్నట్టు. ఇక్కడికొచ్చి ‘నేను అమ్మలేదు’ అనడం వాళ్ళకు కష్టమవుతుంది. ఆ పేజీ ప్రింటు తీసి ఫిర్యాదుకు జతచేయండి. ఒకవేళ కనిపించకపోతే, మీ దగ్గర టీసీఎస్ పేరుతో ఏమైనా వసూలు చేశారేమో బిల్లులో చూసుకోండి. అలా అయితే అది ఇంకో పెద్ద ప్రశ్న అవుతుంది. ఈ 24,000కు విడిగా బిల్లు ఇవ్వకుండా ఫోన్‌పేలో వేయించుకున్నారని రాశారు. సేవకు బిల్లు ఇవ్వకపోవడం కూడా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతే. గడువులోగా డబ్బు వాపసు ఇవ్వకపోవడాన్ని, గడువు రాసి లేకపోతే 30 రోజుల్లో ఇవ్వకపోవడాన్ని కూడా అదే సెక్షన్ తప్పు పడుతుంది. ‘నాన్ రిఫండబుల్’ అని అచ్చు వేసినంత మాత్రాన లోపమున్న సేవకు డబ్బు ఉంచుకునే హక్కు వచ్చేయదు.

ఎంత అడగాలి అన్న దగ్గర మీతో కొంచెం విభేదిస్తాను. ఓడ ప్రయాణం మొత్తం డబ్బు అడగకండి. ఓడ మిమ్మల్ని తిప్పింది, తిండి పెట్టింది, ఫుకెట్‌లో దించింది. అక్కడ లోపమేమీ మీరూ చెప్పలేదు. లేనిది అడిగితే ఉన్న న్యాయం కూడా పలచబడుతుంది. 24,000 వాపసు, దాని మీద వడ్డీ, మానసిక వేదనకు, ఖర్చులకు ఒక సబబైన మొత్తం అడగండి. వేరే దీవులు చూశారు, భోజనం చేశారు కాబట్టి ఫిర్యాదు విచారించే వినియోగదారుల కమిషన్ అందులో కొంత తగ్గించవచ్చు. మీరు ఆ ట్రిప్ తీసుకున్నదే మాయా బే కోసమని చూపగలిగితే ఆ తగ్గింపు చిన్నదవుతుంది. అమ్మాయి బుకింగ్‌కు ముందు ఏజెంట్‌కు వాట్సాప్‌లో ‘అంకుల్, మాయా బేలో దిగుతాం కదా?’ అని అడగడం, దానికి అతను ‘100% దిగుతారమ్మా’ అని జవాబివ్వడం మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో ఉంది. ఆ చాట్‌ను డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే తర్వాత ఎవరూ వంక పెట్టలేరు.

కేసు ఎక్కడ వేయాలన్న టెన్షన్ మీకు అక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట గానీ, ఉద్యోగం చేసే చోట గానీ వేయవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 34(2)(డి) స్పష్టంగా చెబుతుంది. 1986 నాటి పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. బిల్లు మీద విజయవాడ అని అచ్చు వేసుకున్నా, పార్లమెంటు ఇచ్చిన ఈ హక్కును ఆ ఒక్క లైను లాగేసుకోలేదు. గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్ళు, మీ ట్రిప్ రోజు నుంచి లెక్క. ఫిర్యాదులో ‘నాన్ రిఫండబుల్ షరతును రద్దు చేయండి’ అని రాయకండి. ఒప్పంద షరతు అనుచితమని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌ది, జిల్లా కమిషన్‌ది కాదు. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని రాస్తే చాలు.

దానికి ముందు 15 రోజుల గడువుతో ఏజెంట్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం తప్పనిసరి చేయలేదు గానీ, ఇలాంటి చిన్న మొత్తాల దగ్గర చాలాసార్లు నోటీసుతోనే బేరం తెగుతుంది. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసినా ఏజెంట్‌తో వాళ్ళు మాట్లాడతారు. సగానికి పైగా ఇస్తామని రాతపూర్వకంగా వస్తే ఆలోచించండి. నోటిమాటగా చెబితే వద్దు. లాయరు ఫీజు భారమనిపిస్తే, ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మీ పేరు మీదే దరఖాస్తు పెట్టండి, మీవారి పేరు మీద కాదు.

పగడపు కొమ్మ సంగతి ఇంతకంటే బరువైనది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అది తిరిగి రాదు, తిరిగి అడగకండి కూడా. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూల్ కూడా అదే. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం కింద కూడా అవి నియంత్రణలో ఉన్నాయి. అమ్మిన దేశం ఇచ్చే అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటించకూడదు. షాపు బిల్లు ఆ పత్రానికి సమానం కాదు. అయితే బిల్లు పారేయకండి. అమ్మాయి దాన్ని సముద్రంలోంచి విరిచి తేలేదని, వ్యాపారం కోసం కాదని, ఒక్క ముక్క బహుమతిగా కొన్నదని చూపించేది అదే. షెడ్యూల్ 1 నేరాలకు శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, 25,000కు తగ్గని జరిమానా. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. ఈ చట్టం కింద, దగ్గర దొరికిన వస్తువు చట్టబద్ధంగానే ఉందని చూపాల్సిన భారం దొరికినవాళ్ళ మీదే ఉంటుంది, అందుకని రాస్తున్నాను.

అమ్మాయి సంతకం పెట్టిన కాగితం ఏమిటో ముందు తెలుసుకోండి. పంచనామానా, డిటెన్షన్ రసీదా, లేక హక్కు వదులుకుంటున్నానన్న రాతా? కాపీ ఇవ్వకపోయి ఉంటే రాతపూర్వకంగా అడగండి. కస్టమ్స్ చట్టం సెక్షన్ 124 కింద షోకాజ్ నోటీసు వస్తే, అందులో ఇచ్చిన గడువులోపు జవాబు వెళ్ళాలి. తెలియక కొన్నానని, వస్తువు మీద హక్కు అడగనని, షాపు బిల్లు ఇదీ అని ఉన్నది ఉన్నట్టు రాయాలి. సెక్షన్ 108 కింద పిలిచి వాంగ్మూలం తీసుకుంటే అది సాక్ష్యంగా చెల్లుతుంది. వెళ్ళేముందు చెన్నైలో కస్టమ్స్ వ్యవహారాలు చూసే లాయరును ఒకసారి కలవండి. ‘మా అమ్మ కొన్నది’, ‘ఎవరో ఇచ్చారు’ లాంటి మాటలు అమ్మాయిని కాపాడతాయనుకుని ఎవరూ నేర్పవద్దు. ఈ పగడం వ్యవహారాన్ని ఏజెంట్ మీద వేసే ఫిర్యాదులో కలపకండి. రెండింటికీ విడివిడిగా ఫైళ్ళు పెట్టుకోండి.