లోతు పెరిగితే భూకంపం పెద్దదవుతుందా?

ప్రశ్న: 2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన భూకంపం 5.3 అన్నారు, లోతు 40 కిలోమీటర్లన్నారు. అంత లోతున పుట్టినా మా ఇంట్లో మంచాలు కదిలాయి. లోతు ఎక్కువైతే భూకంపం పెద్దదనా? (ఓ పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: కాదండీ. భూమి లోపల ఎంత మేర రాయి పగిలింది, ఎంత దూరం జారింది, ఆ రాయి ఎంత గట్టిది అన్నవాటితోనే 5.3 అంకె తేలుతుంది. లోతు వల్ల మారేది మన దాకా వచ్చే ఊపు.

కేంద్రం మేడారం వైపు అడవుల్లో ఉంది. హనుమకొండకు నేల మీద సుమారు 85 కిలోమీటర్లు. 40 లోతు కలిపి ఏటవాలుగా లెక్కేస్తే 94. పది కిలోమీటర్ల లోతునే పుట్టి ఉంటే 86 అయ్యేది. అంటే మీకు పెద్ద తేడా లేదు. మేడారం వాళ్లకు మాత్రం 40 పోయి 10 అయ్యేది. పాత మట్టిగోడలకు గండమే. 1993 సెప్టెంబరు 30న కిల్లారిలో (లాతూరు జిల్లా) వచ్చింది 6.2. లోతు తక్కువ, ఇళ్లేమో రాళ్లూ మట్టీ. దాదాపు పది వేల మంది పోయారు. 2013 మే 24న రష్యా తూర్పు కొసన ఒఖోత్స్క్ సముద్రం కింద వచ్చిన 8.3 భూకంపానిది దానికి వెయ్యి రెట్లు మించిన శక్తి. 600 కిలోమీటర్ల లోతున పుట్టింది కాబట్టి మాస్కో దాకా తెలిసినా ప్రాణనష్టం లేదు.

అయితే ఎంత పెరగగలదన్న దానికి లోతు ఒక హద్దు పెడుతుంది. పగులు ఒకచోట మొదలై సెకనుకు రెండు మూడు కిలోమీటర్ల వేగంతో పాకుతుంది, రాయి పెళుసుగా ఉన్నంత మేరకే. దాదాపు 350 డిగ్రీల వేడిలో క్వార్ట్జ్ (రాళ్లలో ఎక్కువగా ఉండే ఖనిజం) విరగడం మాని సాగడం మొదలుపెడుతుంది. చాలాచోట్ల 15-20 కిలోమీటర్లకే ఆ వేడి వస్తుంది. మన దక్కను నేల పాతది, చల్లనిది. ఇంకా కిందా విరుగుతుంది. (ఒఖోత్స్క్ దగ్గర చల్లని సముద్రపు పలకే లోపలికి దిగిపోతోంది, దాని సంగతి వేరు.) పెళుసు పొర మందమంతా పగిలాక ఇక కిందికి దారి ఉండదు, పక్కలకే పాకాలి. ఎనిమిది దాటే భూకంపాలకు వందకు పైగా కిలోమీటర్ల పొడవైన పగులు కావాల్సిందీ అందుకే.

5.3కి పగులు కొద్ది కిలోమీటర్లే, ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. మీకు చాలాసేపు ఊగినట్టు అనిపించడానికి కారణం తరంగాల వేగాల్లో తేడా. ముందు గిన్నెలు గలగలమనిపించే తరంగం, పది పన్నెండు సెకన్లకు గట్టిగా ఊపేది.

ఒక మాట: వార్తల్లో లోతు సరిగ్గా 10 కిలోమీటర్లని కనిపిస్తే కాస్త అనుమానించండి. దగ్గర్లో భూకంపాన్ని నమోదు చేసే యంత్రం లేకపోతే లోతు తేలదు, చాలాసార్లు లెక్క కోసం 10 అని పెట్టేస్తారు.

ప్రశ్న: సింగరేణి తవ్వకాల వల్లే వచ్చిందంటున్నారు, నిజమేనా? (ఓ పాఠకుడు, భూపాలపల్లి)

జవాబు: గనుల లోతు వందల మీటర్లు, భూకంపానిది 40 వేల మీటర్లు. పొంతన లేదు. గనిలో కప్పు కూలినా, బ్లాస్టింగ్ జరిగినా నేల అదురుతుంది గానీ అది కొద్ది కిలోమీటర్లలోనే తెలుస్తుంది. హైదరాబాద్, విజయవాడ దాకా పోదు. అసలు సంబంధం వేరే ఉంది: కోట్ల ఏళ్ల కింద గోదావరి లోయ చీలి కుంగినప్పుడు ఆ పల్లంలోనే బొగ్గు పేరుకుంది, ఆ చీలికల అంచులే ఇప్పటికీ బలహీనంగా ఉన్నాయి.