ఢిల్లీ ఎన్‌జీఎంఏకి కొత్త వింగ్ వచ్చాక ఏం మారింది?

మీరు రెండు విషయాలు అడిగారు. జైపూర్ హౌస్ లాంటి అందమైన భవనం ఉండగా నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ (ఎన్‌జీఎంఏ)కి 2009లో కొత్త వింగ్ ఎందుకు అవసరమైంది? బొమ్మల గురించి పెద్దగా తెలియనివాళ్ళు అక్కడికి వెళ్తే ఏమైనా అర్థమవుతుందా? ఉద్యోగరీత్యా ఢిల్లీలో ఉన్నప్పుడు కొత్త వింగ్ రాకముందూ చూశాను, వచ్చాకా చూశాను. నాకు తెలిసినంత చెప్తాను.

ఇండియా గేట్ పక్కనే ఉన్న జైపూర్ హౌస్‌ని 1936లో జైపూర్ మహారాజు ఢిల్లీ నివాసంగా కట్టారు. మధ్యలో గుమ్మటం, రెండు వైపులా సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకున్న భాగాలు. ఆ భవనంలోనే 1954 మార్చి 29న మ్యూజియం మొదలైంది. అప్పటి ఉపరాష్ట్రపతి, ఒకప్పుడు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ప్రధాని నెహ్రూ కూడా వచ్చారు.

ఆ రోజు పెట్టిన మొదటి ప్రదర్శన శిల్పాలది. దాన్ని రూపొందించింది మ్యూజియం తొలి క్యూరేటర్, జర్మన్ కళాచరిత్రకారుడు హెర్మన్ గోట్జ్. రామ్‌కింకర్ బైజ్, శంఖో చౌధురి, ధన్‌రాజ్ భగత్ లాంటివాళ్ళు పాల్గొన్నారు. బహుమతి మాత్రం దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ‘ట్రయంఫ్ ఆఫ్ లేబర్’కి వచ్చింది. నలుగురు కూలీలు ఒంట్లో శక్తంతా పెట్టి పెద్ద బండని కదిలిస్తున్న శిల్పం అది. చెన్నై మెరీనా బీచ్‌కి వెళ్ళినవాళ్ళకి ఇది తెలిసిన బొమ్మే, 1959లో అక్కడ నిలబెట్టిన కార్మిక విగ్రహం ఇదే. దేవీప్రసాద్ మద్రాసు ఆర్ట్స్ స్కూల్‌కి చాలా ఏళ్ళు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్ళు కూడా నిండని దేశం తన మొదటి ఆధునిక కళా మ్యూజియంలో చెమటోడ్చే మనుషులకి బహుమతి ఇచ్చిందంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇక కొత్త వింగ్ సంగతి. రాజుగారి ఇల్లు ఎంత పెద్దదైనా ఇల్లే. కిటికీలు, గుండ్రటి గోడలు, గదిలోంచి గదిలోకి తలుపులు ఉంటాయి. పెద్ద కాన్వాస్ తగిలించాలంటే చుట్టూ ఖాళీ గోడ కావాలి, నాలుగడుగులు వెనక్కి వేసి చూడటానికి చోటు కావాలి. మ్యూజియం దగ్గర ఉన్నవి వేల బొమ్మలు. గోడ మీద చోటు దొరికేది వాటిలో కొన్నిటికే, మిగతావన్నీ స్టోర్‌లోనే ఉండాలి. కొత్త వింగ్‌తో పాత భవనానికి దాదాపు ఆరు రెట్ల చోటు కలిసింది. ఆడిటోరియం, లైబ్రరీ, పాడైన బొమ్మల్ని బాగుచేసే కన్జర్వేషన్ ల్యాబ్ కూడా వచ్చాయి.

చోటు పెరిగితే అన్నీ ఒకేసారి గోడకెక్కుతాయని మాత్రం అనుకోకండి. కాగితం మీద వేసిన నీటిరంగులకి వెలుతురే శత్రువు. అందుకే మ్యూజియాల్లో వాటిమీద సుమారు 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడకుండా చూస్తారు. కొన్ని నెలలు ప్రదర్శించాక తీసి మళ్ళీ చీకట్లో విశ్రాంతినిస్తారు. ‘గది మసకగా ఉందేంటి’ అని చిరాకు పడేవాళ్ళని చాలామందిని చూశాను. ఆ మసక వల్లే ఎనభై తొంభై ఏళ్ళ నాటి రంగులు ఇంకా మనకి కనబడుతున్నాయి. ఒకటి దించితే ఇంకొకటి ఎక్కించాలి. అలా మార్చి మార్చి పెట్టాలంటే గోడలూ కావాలి, స్టోరూ కావాలి, ల్యాబూ కావాలి. విస్తరణ వల్ల అసలైన మేలు ఇదేనని నా అభిప్రాయం.

కొత్త వింగ్‌లో అప్పటి డైరెక్టర్ రాజీవ్ లోచన్ మ్యూజియం సొంత సేకరణని ‘ఇన్ ద సీడ్స్ ఆఫ్ టైమ్’ పేరుతో ఒక వరుసలో అమర్చారు. నాలాంటి మామూలు ప్రేక్షకుడికి కళ్ళు తెరిపించింది ఆ వరుసే. ఈస్టిండియా కంపెనీ కాలపు చిత్రాలు, తంజావూరు బొమ్మలు, కలకత్తా కాళీ గుడి దగ్గర అమ్మిన కాళీఘాట్ పటాలు, తర్వాత రవివర్మ, ఆ తర్వాత బెంగాల్ చిత్రకారులు. రవివర్మ లక్ష్మినీ సరస్వతినీ మనం క్యాలెండర్ల మీద చూస్తూ పెరిగాం. ఆయన చేత్తో వేసిన తైలవర్ణ చిత్రం ముందు నిలబడితే పట్టుచీర మడతలో ఎన్ని రంగులున్నాయో అప్పుడు తెలుస్తుంది. అక్కణ్ణుంచి కాస్త ముందుకెళ్తే బెంగాల్ వాళ్ళు ఆ తైలవర్ణాల దారి వదిలేసి పల్చటి నీటిరంగుల్లోకి ఎందుకు వెళ్ళారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ దగ్గర మాత్రం తొందరపడకండి. ఆవిడ చిత్రాలు ఈ మ్యూజియంలో వందకు పైగా ఉన్నాయి. 1941లో ఇరవై ఎనిమిదేళ్ళకే పోయిన మనిషి. ప్యారిస్‌లో నేర్చుకునే రోజుల్లో వేసిన బొమ్మలు ముందు చూడండి. తర్వాత 1935 నాటి ‘త్రీ గర్ల్స్’, ఆ తర్వాత 1937 నాటి ‘బ్రైడ్స్ టాయిలెట్’, ‘బ్రహ్మచారీస్’ చూడండి. ఈ చివరి రెండూ ఆవిడ అజంతా చూసి, దక్షిణాది తిరిగి వచ్చాక వేసినవి. నీడలు తగ్గిపోయాయి, ఒళ్ళు మట్టిరంగుకి తిరిగాయి, మనుషులు గోడచిత్రాల్లోలాగా నిలకడగా కూర్చున్నారు. పుస్తకంలో చదివితే ఇదొక పేరా. వరసగా చూస్తే ఒక మనిషి మారిపోవడం కళ్ళముందు జరుగుతుంది.

షేర్‌గిల్ తర్వాత ఆగి చూడాల్సినవి బెంగాల్ చిత్రకారుడు నందలాల్ బోస్ హరిపురా పోస్టర్లు. 1938లో గుజరాత్‌లోని హరిపురాలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు గాంధీగారు అడిగితే ఊరివాళ్ళ కోసం వేసినవి. డోలు వాయించేవాడు, చెప్పులు కుట్టేవాడు, కుస్తీ పట్టేవాళ్ళు, ఇంటిపనిలో ఉన్న ఆడవాళ్ళు. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన మా బాబాయిని తీసుకెళ్తే వీటి దగ్గరే ఆగిపోయాడు. ‘చూడరా, చెయ్యి ఎత్తకుండా గీశాడు, ఎక్కడా దిద్దుకోలేదు’ అని గాల్లో వేలితో ఆ గీతని గీసి చూపించాడు. ఆ రోజు నుంచి నేను రంగు కన్నా ముందు గీత చూడటం అలవాటు చేసుకున్నాను. మీకూ అదే చెప్తాను, ముందు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడండి. దానికి కళాచరిత్ర తెలియక్కర్లేదు.

తర్వాత రవీంద్రనాథ్ టాగూర్, జామినీ రాయ్, 1947లో బొంబాయిలో కూడిన ప్రోగ్రెసివ్ చిత్రకారుల బృందం, ఇలా చాలానే ఉంది. అన్నీ ఒక్కరోజులో చూసెయ్యాలని పెట్టుకోకండి, కాళ్ళు లాగేసి చివరి అంతస్తులు చూడకుండానే బయటికొస్తారు. ఒక పూట షేర్‌గిల్ దాకా, ఇంకో పూట మిగతావి చూడండి. గోడమీద బొమ్మలు మారుతుంటాయి కాబట్టి నేను చెప్పినవన్నీ మీరు వెళ్ళిన రోజున కనబడకపోవచ్చు. సోమవారం సెలవు.

హైదరాబాద్‌లో దీనికి శాఖ లేదు, ఉండాలని గట్టిగా కోరుకునేవాళ్ళలో నేనొకణ్ణి. రాయలసీమ వైపు వాళ్ళకి ఢిల్లీ దాకా వెళ్ళడం కుదరకపోతే బెంగళూరు ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్ ఉంది. అది ఈ మ్యూజియం శాఖే, 2009లోనే తెరిచారు. ఢిల్లీ ప్రయాణానికి ముందు అక్కడొక పూట గడిపినా మంచిదే.