పాఠకుల ప్రశ్నలు: పాస్కా కాలం, మన విచారణలు

ఈ సంవత్సరం ఏప్రిల్ 5న పునరుత్థాన పండుగ (ఈస్టర్) జరిగిన తర్వాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈస్టర్ మొదలు పెంతెకోస్తు దాకా సాగే యాభై రోజుల పాస్కా కాలానికి సంబంధించినవే. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము. ప్రశ్నలను కొంత కుదించాము. అడిగినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది పొదిలి ప్రాంతంలో ఒక చిన్న గ్రామం. మా విచారణ (చర్చి పరిధి, పారిష్) గురువుగారి కింద ఇంకా కొన్ని ఊళ్ళు ఉన్నందువల్ల ఆదివారం నాడు మా ఊరికి రాలేకపోయారు. ఉపదేశిగారే ప్రార్థన జరిపించారు. ఫాదర్‌గారు మంగళవారం పది గంటలకు వచ్చి పూజ (గురువు మాత్రమే జరిపించే ప్రధాన ఆరాధన, మాస్) చేశారు. అప్పటికి మగవాళ్ళందరూ పొగాకు పనులకు వెళ్ళిపోయారు. పక్క సంఘంవారు ఆదివారం తెల్లవారకముందే మైకు పెట్టి పండుగ చేసుకుంటే, మాకు పండుగ అయిపోయిన రెండు రోజులకు పూజ దక్కింది. దీన్ని ఈస్టర్ పూజ అనవచ్చునా?

జవాబు: అనవచ్చును, అందులో సందేహానికి తావు లేదు. పునరుత్థాన ఆదివారం మొదలు ఆ మరుసటి ఆదివారం వరకు వచ్చే ఎనిమిది రోజులనూ ప్రభువు మహోత్సవాలుగానే జరపాలని శ్రీసభ (కథోలిక సంఘం) ఆరాధనా నియమాలు చెబుతున్నాయి. అందుచేత ఆ వారంలో ఏ రోజైనా గురువు తెల్లని వస్త్రాలే ధరిస్తారు. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల తపస్కాలపు ఆదివారాల్లో పాడకుండా ఆపివేసిన మహిమ గీతాన్ని రోజూ పాడిస్తారు. పూజ ముగించి జనాన్ని పంపే మాటలకు రెండు అల్లెలూయాలు చేర్చి పలుకుతారు. చదివే సువిశేషాలు కూడా ఆ వారం పొడవునా పునరుత్థానుడైన ప్రభువు దర్శనాలవే. మీ ఊరికి దక్కిన మంగళవారానికి నియమించిన భాగం యోహాను సువిశేషం 20వ అధ్యాయంలోనిది. సమాధి బయట నిలబడి ఏడుస్తున్న మగ్దల మరియ ఎదుట ఉన్నవాణ్ణి తోటమాలి అనుకుని, 'మరియా' అని ఆయన పేరు పెట్టి పిలిచిన తర్వాత గాని గుర్తుపట్టని ఘట్టం అది. దానికంటే ఈస్టర్‌కు తగిన పఠనం మరొకటి వెతకడం కష్టం. బుధవారం వెళ్ళి ఉంటే ఎమ్మావు ఊరికి నడిచే ఇద్దరు శిష్యులకు ప్రభువు దారిలో కనిపించిన కథ దక్కేది. అదీ ఈస్టర్ సాయంత్రం జరిగినదే.

అయితే మీ బాధలో తేదీ సంగతి వేరు, గంట సంగతి వేరు. తేదీ విషయంలో మీకు లోటు జరగలేదు. గంట విషయంలో మాత్రం మీ మాట సబబు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర, గ్రేడింగు షెడ్లలో పనిచేసేవారు చీకటి పడితే గాని ఇల్లు చేరని రోజుల్లో పగలు పది గంటలకు పూజ పెట్టడమంటే సగం ఊరిని బయట ఉంచడమే. సాయంత్రం ఏడు గంటలకు పెట్టమని గురువుగారిని అడగండి. అడిగేటప్పుడు ఆయన ఇబ్బందిని కూడా గమనించండి. శ్రీసభ చట్టం ప్రకారం గురువు మామూలుగా రోజుకు ఒక్క పూజే చేయాలి. గురువుల కొరత ఉన్నచోట పీఠాధిపతి (బిషప్) అనుమతితో మామూలు రోజుల్లో రెండు, ఆదివారాల్లోనూ, తప్పక పూజకు వెళ్ళవలసిన విధి పండుగల్లోనూ అవసరమైతే మూడు చేయవచ్చును. శనివారం రాత్రి పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి జరిగే ఆరాధన) పూర్తిచేసి, కొద్దిగా కన్ను మూసి, ఆదివారం ఎండలో ఊరూరా తిరిగిన మనిషిని రాలేదని నిందించడం న్యాయం కాదు. ఈ విషయం తేల్చుకోవలసింది ఈస్టర్ వారంలో కాదు, తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందు జరిగే విచారణ పెద్దల సమావేశంలో. ఏ ఊరికి ఏ రోజు, ఏ గంటకు అన్నది అప్పుడే రాసుకుంటే, ఒక్కో ఏడాది ఒక్కో ఊరికి ఆదివారం వచ్చేటట్లు వంతులు వేసుకోవచ్చు.

జాగరణ విషయంలో మాత్రం వంతుల కంటే అందరూ కలవడమే మేలు. చిన్న చిన్న సమూహాలు ఎవరికి వారు కాకుండా ఒకచోట చేరి పాస్కా జాగరణ జరుపుకోవాలని 1988లో రోము నుంచి వచ్చిన లేఖ ప్రోత్సహించింది. రెండు ఆటోలు గాని ఒక ట్రాక్టరు గాని ముందుగా మాట్లాడుకుంటే ముసలివాళ్ళు కూడా విచారణ కేంద్రానికి రాగలుగుతారు. ఇక ఉపదేశిగారు ఆదివారం జరిపించిన వాక్య ప్రార్థన పూజ కాదు, నిజమే. కాని గురువు లేని ఊళ్ళో ఆదివారాన్ని ఆదివారంగా నిలబెట్టేది అదే. మైకు చప్పుడును బట్టి ఎవరి పండుగ ఎంతటిదో లెక్క కట్టుకోనక్కరలేదు.

ప్రశ్న: నిరుడు ఏప్రిల్ 20న వచ్చిన ఈస్టర్ ఈ ఏడాది ఏప్రిల్ 5నే ఎందుకు వచ్చింది? క్రిస్మస్ లాగా ఒకే తేదీ ఎందుకు ఉండదు? (ఒంగోలు విద్యార్థిని)

జవాబు: ఈస్టర్ తేదీ చంద్రుణ్ణి బట్టి వస్తుంది. మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే మొదటి పౌర్ణమి దాటిన తర్వాతి ఆదివారమే పండుగ. క్రీ.శ. 325లో జరిగిన నికేయా మహాసభ అందరూ ఒకే ఆదివారం జరుపుకోవాలని నిర్ణయించింది. లెక్కకట్టే పద్ధతి ఆ తర్వాత స్థిరపడింది. ఈ ప్రకారం ఈస్టర్ మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. ఈ ఏడాది పౌర్ణమి ఏప్రిల్ 2న, అంటే సరిగ్గా పవిత్ర గురువారం నాడు వచ్చింది కనుక 5న పండుగ. నిరుడు పౌర్ణమి ఏప్రిల్ 13న, ఆదివారం నాడే పడింది; పౌర్ణమి ఆదివారమే అయితే పండుగ ఆ పై ఆదివారానికి జరుగుతుంది కనుక 20కి వెళ్ళింది.

మన పంచాంగంతో పోల్చి చూస్తే చాలా ఏళ్ళలో ఈ పౌర్ణమి చైత్ర పౌర్ణమే అవుతుంది, కాని ఎప్పుడూ కాదు. 2024లో మార్చి 25నాటి పౌర్ణమి హోలీ పున్నమి. ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. అంటే ఆ ఏడాది మార్చి 31న ఈస్టర్ జరిగాక గాని తెలుగు సంవత్సరం మొదలు కాలేదు. వచ్చే ఏడాది ఈస్టర్ మార్చి 28న వస్తుంది. మీ పరీక్షలకు దగ్గరగా పడవచ్చు, తపస్కాలంలోనే చదువు ముగించుకోండి.

ప్రశ్న: మా పుట్టింటివారు కథోలికులు. కావలి దగ్గర బాప్టిస్టు కుటుంబానికి కోడలిగా వచ్చాను. మా అత్తగారు, మామగారు ఈస్టర్ ముందురోజే సమాధులకు సున్నం కొట్టించి, పేర్ల అక్షరాలకు నల్లరంగు దిద్దిస్తారు. ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలకల్లా పూలతో అందరమూ వెళతాము. సముద్రపు గాలికి ఆరిపోకుండా నీళ్ళ సీసాలను సగానికి కోసి అందులో కొవ్వొత్తులు నిలుపుతారు. మా అమ్మ మాత్రం, సమాధులకు వెళ్ళవలసింది చనిపోయినవారిని తలచుకునే నవంబరు 2న గాని పండుగ పూట కాదంటుంది. నేను వెళ్ళడం తప్పా?

జవాబు: తప్పు కాదు. మీ అమ్మగారి మాటా, మీ అత్తగారి అలవాటూ రెండూ పాతవే, రెండింటికీ ఆధారం ఉంది. సువిశేషాల ప్రకారం మొట్టమొదటి ఈస్టర్ ఉదయాన సమాధి దగ్గరికి వెళ్ళినవారు స్త్రీలు. వారు వెళ్ళింది కూడా తెల్లవారుజామునే. 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే ఊళ్ళో మొరేవియన్ సంఘపు యువకులు ఈస్టర్ నాడు సూర్యోదయానికి ముందే కొండమీది శ్మశానానికి వెళ్ళి పాటలు పాడారు; మరుసటి ఏటి నుంచి సంఘమంతా వెళ్ళడం మొదలైంది, క్రమంగా ఆ పద్ధతి ఇతర ప్రొటెస్టంటు సంఘాల్లోకీ పాకింది. మీ అత్తవారి సంఘానికి మన ప్రాంతంలో వేళ్ళు లోతుగా ఉన్నాయి. అమెరికన్ బాప్టిస్టు మిషను నెల్లూరులో 1840లో మొదలైంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషను మిషనరీలు జ్యూవెట్ దంపతులు మరి కొద్దిమందితో ఒంగోలు కొండ ఎక్కి చేసిన ప్రార్థనను, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మంది పొందిన బాప్తిస్మాన్ని వారు నేటికీ చెప్పుకుంటారు. తెల్లవారుజాము ఆరాధన వారికి కొత్తగా వచ్చిన వేడుక కాదు.

మీ పుట్టింటివారి నవంబరు 2 ఆచారం అంతకంటే చాలా పాతది. ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓదిలో సుమారు వెయ్యేళ్ళ క్రితం తన మఠాలలో దాన్ని నెలకొల్పారు. ఈ రెండింటికీ ఉద్దేశంలో తేడా ఉంది, అది తెలిసి ఉంటే మీ ఇంట్లో అనవసరపు వాదన ఉండదు. నవంబరు 2న కథోలికులు చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థిస్తారు. మీ అత్తవారు సమాధుల దగ్గర చనిపోయినవారి కోసం ప్రార్థించరు. వీరూ లేస్తారన్న నమ్మకాన్ని పాడి, దేవునికి కృతజ్ఞత చెబుతారు. ఆ పాటల్లో మీరు గొంతు కలపడానికి అడ్డేమీ లేదు. మీ మామగారి తల్లిదండ్రుల కోసం మనసులో ఒక పరలోక జపం చెప్పుకుంటే ఎవరూ అభ్యంతరపెట్టరు.

గమనించవలసినవి రెండున్నాయి. శ్మశానంలో జరిగే ఆరాధన మీ పండుగ పూజకు బదులు కాదు. శనివారం రాత్రి జాగరణ పూజకు వెళ్ళినట్లయితే ఆదివారపు విధి తీరినట్లే, లేకపోతే ఆదివారం ఏదో ఒక పూజకు వెళ్ళాలి. రెండవది, శ్మశానం నుంచి వారి మందిరానికి వెళ్ళినప్పుడు ప్రభురాత్రి భోజనం ఇస్తే, కథోలికులు అక్కడ తీసుకోవడానికి మన చట్టం ఒప్పుకోదు. బల్ల దగ్గరికి అందరూ కదిలాక మీరొక్కరే కూర్చుండిపోతే మీ అత్తగారికి నలుగురిలో చిన్నతనంగా ఉంటుంది. కనుక ఆ సంగతి ముందురోజే ఆమెతో నెమ్మదిగా చెప్పి ఉంచండి.

ప్రశ్న: తపస్కాలంలో శుక్రవారం సిలువ మార్గానికి నిలబడడానికి చోటు ఉండదు. ఈస్టర్ అయిన తర్వాతి ఆదివారం చూస్తే సగం బల్లలు ఖాళీ. బలిపీఠం పక్కన పెద్ద కొవ్వొత్తి మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. ఈ రోజుల్లో విచారణ చేయవలసిన ప్రత్యేక కార్యక్రమాలు ఏవైనా ఉన్నాయా? (కోవూరు)

జవాబు: ఉన్నాయి, కాని మనం వాటిని పట్టించుకోవడం మానేశాము. నలభై రోజులు ఉపవాసమున్నవాళ్ళం యాభై రోజులు పండుగ చేసుకోలేకపోతున్నాము. ఎండలు, సెలవులు, పెళ్ళిళ్ళు కొంత కారణం. కష్టాన్ని భక్తి అనుకున్నంత సులువుగా సంతోషాన్ని భక్తి అనుకోలేకపోవడం అంతకంటే పెద్ద కారణమని మా అభిప్రాయం.

మీరు చూసిన ఆ పాస్కా కొవ్వొత్తి మీద సిలువ గుర్తు, ఆల్ఫా, ఓమేగా అక్షరాలు, ఈ సంవత్సరపు అంకెలు, సిలువలో గుచ్చిన ఐదు సాంబ్రాణి గింజలు ఉంటాయి. పెంతెకోస్తు దాకా అది పీఠం దగ్గర వెలగాలి. ఆ తర్వాత జ్ఞానస్నాన (బాప్తిస్మ) తొట్టి దగ్గర ఉంచి జ్ఞానస్నానాలకూ, మృతుల పూజలో శవపేటిక పక్కనా వెలిగిస్తారు. ఆదివారం పూజ మొదట్లో పశ్చాత్తాప ప్రార్థనకు బదులు పవిత్ర జలం చల్లే పద్ధతి ఈ కాలానికి ప్రత్యేకంగా తగినది. మొదటి పఠనం పాత నిబంధన నుంచి కాక అపోస్తలుల కార్యాల నుంచి వస్తుంది. రోజుకు మూడుసార్లు చెప్పే త్రికాల జపానికి బదులు పరలోక రాణి మరియమ్మను ఆనందించమని పిలిచే జపం చెప్పాలి. ఉపదేశిగారు ఒక్క వారం నేర్పితే పిల్లలకు వచ్చేస్తుంది.

అన్నింటికంటే ముఖ్యం, జాగరణలో జ్ఞానస్నానం పొందిన పెద్దలు. ఈ యాభై రోజుల ఆదివారం పూజలు వారికోసమే ఉద్దేశించినవి. జ్ఞానస్నాన తలిదండ్రులతో కలిసి వారు ముందు వరుసలో కూర్చోవాలి, వారి పేర్లు విశ్వాసుల ప్రార్థనలో వినిపించాలి. తెల్లబట్టలు కట్టించి ఫోటో తీయించిన మరుసటి వారానికే వారిని మరిచిపోవడం చాలా విచారణల్లో జరుగుతున్నది. ఇళ్ళ ఆశీర్వాదం కూడా ఈ కాలంలోనే పెట్టుకుంటే మంచిది. గురువుగారు ఇంటికి వచ్చినప్పుడే, గుడికి రావడం మానేసినవారు ఎందుకు మానేశారో తెలుస్తుంది.

ప్రశ్న: మోక్షారోహణ (ప్రభువు పరలోకానికి ఎక్కిన) పండుగ గురువారమా, ఆదివారమా? (ఆత్మకూరు)

జవాబు: ఈస్టర్‌తో కలిపి లెక్కపెడితే నలభయ్యవ రోజు గురువారమే; ఈ ఏడాది అది మే 14. మన దేశంలోని లత్తీను రీతి (రోము ఆరాధన పద్ధతి పాటించే) విచారణల్లో దాన్ని తర్వాతి ఆదివారానికి, అంటే మే 17కు మార్చి జరుపుతారు. పెంతెకోస్తు మే 24.

ప్రశ్న: ఈస్టర్ తర్వాతి శుక్రవారం మా అబ్బాయి కోడికూర అడిగితే, శుక్రవారం కదా అని చేపల పులుసు పెట్టాను. ఆ రోజు మాంసం తినవచ్చునని పక్కింటివారు అంటున్నారు. (నెల్లూరు)

జవాబు: పక్కింటివారి మాట సరైనదే. ఆ శుక్రవారం పైన చెప్పిన ఎనిమిది రోజుల్లోది, మహోత్సవం స్థాయి గలది కనుక మాంసం మానే నియమం దానికి వర్తించదు. అయినా మీ అబ్బాయి నష్టపోయిందేమీ లేదు. ఆ శుక్రవారపు సువిశేషంలో పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పులమీద చేపలు కాల్చి శిష్యులకు పొద్దుటి భోజనం పెడతాడు. వలలో 153 పెద్ద చేపలు పడినట్లు యోహాను లెక్క కూడా చెబుతాడు. కోడికూర వండాలనుకుంటే వచ్చే ఏడాది ఆ శుక్రవారం నిశ్చింతగా వండండి. ఆ మరుసటి శుక్రవారం నుంచి మాత్రం శుక్రవారపు పరిహారం యథావిధిగా ఉంటుంది.