బుజ్జికి, క్లాన్‌ల జాబితా గురించి

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. అత్తయ్య కూడా అడిగినట్టు రాయమంది.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు రాత్రంతా కూర్చుని ఆటల యాప్ ఏదో చేస్తోందిరా, నీ మాటైతే వింటుంది, కాస్త చెప్పు" అంది. ఏ ఆటని అడిగితే క్లాష్ ఆఫ్ క్లాన్స్ అంది. క్లాన్ అంటే ఆ ఆటలో కలిసి ఆడే జట్టు కదా. ఎవరూ ఆడక చచ్చిపోయిన క్లాన్‌ల మధ్య బతికున్న క్లాన్‌లు ఏవో వెతికి, తెలుగువాళ్ళకి చూపించే జాబితా తయారు చేస్తున్నావట. మీ అమ్మ నన్ను తిట్టమని ఫోన్ చేసింది గానీ, ఆ మాట వినగానే నాకు లోపల పొంగిపోయింది తల్లీ. ఆ తర్వాత కాసేపటికి భయం కూడా వేసింది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు మూడో తరగతిలో ఉండగా, 2013 చివర్లో ఆ ఆట ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వచ్చింది. కువైట్‌లో మా రూములో ఆరుగురం. ఒక్క వైఫై, ఆరు మంచాలు. ముందు ఒకడు మొదలుపెట్టాడు, నెల తిరిగేసరికి ఆరుగురమూ ఒకే క్లాన్‌లో ఉన్నాం. 2014లో క్లాన్‌కీ క్లాన్‌కీ మధ్య జరిగే క్లాన్ వార్‌లు వచ్చాక ఇక మాకు వేరే పండగ అక్కర్లేకపోయింది. 2023లో ఇంటికొచ్చేసేదాకా నేను కో లీడర్‌నే. కాబట్టి నీకు చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. క్లాన్ లెవెల్ చూసి మురిసిపోకు, అది ఎప్పుడో పడ్డ కష్టం. 50కి 50 మంది ఉంటే నిండిందని అర్థం, ఆడుతున్నారని కాదు. లొకేషన్ ఇండియా అని ఎవరైనా పెట్టుకోవచ్చు. పాత వార్‌ల చిట్టా, ఆ వార్ లాగ్ తెరిచి చివరి వార్ ఎన్నాళ్ళ కిందటిదో చూడు. క్లాన్‌ని వెతికి పట్టుకునే కోడ్, అదే ట్యాగ్, కాపీ చేసుకో, చేత్తో కొట్టకు. ట్యాగ్‌లో ఉండేది సున్నా, మనం ఓ అక్షరం కొట్టేస్తాం, అక్కడే సగం మంది తప్పిపోతారు.

ఆట తయారుచేసిన సూపర్‌సెల్ వాళ్ళు డెవలపర్ల కోసం ఇచ్చే ఏపీఐ నుంచి, అంటే ఆట లెక్కలు ప్రోగ్రాంలోకి తెచ్చుకునే దారి నుంచి, లెక్కలు తెస్తున్నావని మీ అమ్మ ఏదో చెప్పబోయి సగంలో వదిలేసింది, నేను అర్థం చేసుకున్నాను. మంచిదే. 15 మంది వార్ అంటే మనిషికి రెండు చొప్పున 30 అటాక్‌లు. అక్కడ 30కి 28 ఉంటే ఆ క్లాన్ కళ్ళు మూసుకుని రాసుకో. 13 ఉంటే సగం మందిని లీడర్ బలవంతంగా వార్‌లోకి తోశాడన్నమాట. వార్ లాగ్ ప్రైవేట్‌గా ఉంటే మాత్రం చచ్చిన క్లాన్ అనుకోకు. గట్టి వార్ క్లాన్‌లు చాలా వరకు లాగ్ దాచుకుంటాయి. ఇక ఏపీఐ నీకు చెప్పనిది ఒకటుంది. ఎవరు చివరిసారి ఎప్పుడు ఆట తెరిచారో చెప్పదు. సభ్యుల పేర్లు ఉంటాయి, హోదాలు ఉంటాయి, టౌన్ హాల్ లెవెల్, అంటే ఆటలో ఆ మనిషి ఊరు ఎంత ఎదిగిందో ఉంటుంది, క్లాన్‌లో ఒకరికొకరు ఇచ్చుకునే ట్రూప్స్ లెక్క, అదే ఇచ్చిన డొనేషన్లు, తీసుకున్న డొనేషన్లు ఉంటాయి. మనిషి ఉన్నాడో లేడో ఉండదు. ఆ ఖాళీని డొనేషన్ అంకెతో పూడ్చేద్దామని నీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

ఇప్పుడు చెప్పబోయేది నిదానంగా చదువు.

2019 వేసవి. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు పగలు 11 నుంచి 4 దాకా ఎండలో పని చేయించకూడదని రూలు. సైట్ల మీద పనిచేసే కుర్రాళ్ళంతా ఆ ఐదు గంటలూ రూముల్లో ఉండేవాళ్ళు. ఫోన్‌లో డేటా ఉన్నవాడు ఆట, లేనివాడు నిద్ర. అప్పటికి నేను నీలాగే ఒక జాబితా పెట్టుకున్నాను. నోట్‌బుక్కులో క్లాన్ పేరు, ట్యాగ్, ఎంతమంది, డొనేషన్లు ఎన్ని, తెలుగువాళ్ళు ఉన్నారా లేదా అని గీతలు గీసి మరీ రాసుకునేవాణ్ణి. ఎవరికి క్లాన్ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నాకది గొప్పగా ఉండేది.

రాజంపేట నుంచి ఒక కుర్రాడు కొత్తగా వచ్చాడు. పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో. మా బిల్డింగ్‌లోనే, కింద అంతస్తులో. వాడి రూములో ఒక్కడూ తెలుగువాడు లేడు. వాడొచ్చి, "అన్నా, మనోళ్ళు ఉండే క్లాన్ ఒకటి చెప్పన్నా" అన్నాడు. టౌన్ హాల్ ఏడు. మా క్లాన్‌లో తొమ్మిది లేనిదే తీసుకునేవాళ్ళం కాదు. అందుకని నోట్‌బుక్కు తీసి, అందులో నంబర్ వన్ అనుకున్న క్లాన్ ట్యాగ్ ఇచ్చాను. 47 మంది సభ్యులు. ఒక్కొక్కరి పేరు పక్కన 600, 800, 1100 డొనేషన్లు. తెలుగు పేర్లు కూడా బోలెడు. ఇంకేం కావాలి అనుకున్నాను.

నేను చూడనిది ఏమిటంటే, ఆ అంకె ఆ రోజుది కాదు. ఆటలో అప్పట్లో సుమారు నెల నడిచే సీజన్ మొదలైనప్పటి నుంచి ఇచ్చిన మొత్తం. నేను చూసింది సీజన్ చివర్లో. నెల మొదట్లో క్లాన్ వార్ లీగ్ నడిచిన వారంలో వాళ్ళంతా బహుమతిగా ఇచ్చే మెడల్స్ కోసం వచ్చి, ఎడాపెడా ట్రూప్స్ ఇచ్చుకుని, ఏడు రోజులూ అటాక్‌లు చేసి, లీగ్ అయిపోగానే ఫోన్లు పక్కన పడేశారు. లీడర్ సంగతి సరే, కో లీడర్లు కూడా మాయం. అంకెలు మాత్రం ఆ వారం నాటివి అలాగే నిలబడి ఉన్నాయి. తాళం వేసిన ఇంటికి చుట్టాన్ని పంపాను బుజ్జీ.

కుర్రాడు లోపలికి వెళ్ళి నమస్తే అన్నా అని పెట్టాడట. జవాబు లేదు. ట్రూప్స్ అడిగాడు, ఎవరూ ఇవ్వలేదు. మర్నాడు అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. బయటికొచ్చేయొచ్చు కదా. రాలేదు. "అన్న చెప్పాడు, పెద్ద క్లాన్, వెళ్ళిపోతే బాగోదు" అని పదకొండు రోజులు అక్కడే ఉన్నాడు. నేనా, ఒక్కరోజు కూడా ఎలా ఉందిరా అని అడగలేదు. ట్యాగ్ ఇచ్చాను, నా పని అయిపోయిందనుకున్నాను. మెట్ల మీద రెండుసార్లు ఎదురుపడితే తలూపి వెళ్ళిపోయాను.

ఒక శుక్రవారం మాలియాలో బస్సు కోసం నిలబడి ఉంటే కనిపించాడు. ఆడుతున్నావా అన్నాను. మానేశానన్నాడు. ఎందుకన్నాను. కాసేపు ఆగి, "నాది చిన్న టౌన్ హాల్ కదన్నా, అందుకే మాట్లాడలేదేమో" అన్నాడు.

అక్కడే ఫోన్ తీసి ఆ క్లాన్ తెరిచాను. సీజన్ మారింది కదా, 47 పేర్ల పక్కనా సున్నాలే. అటు నుంచి ఇటు దాకా సున్నా. వాడు అడిగిన ట్రూప్స్‌కి ఒక్కరూ చెయ్యి వెయ్యకపోతే, అది తన తప్పని అనుకున్నాడు. అక్కడ మనుషులే లేరని వాడికి తెలియదు, నాకూ తెలియదు. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. సాయంత్రం కిందికెళ్ళి వాణ్ణి మా రూముకి తీసుకొచ్చి, టౌన్ హాల్ రూలు పక్కన పెట్టి మా క్లాన్‌లోకి లాగాను. మిగతావాళ్ళు గొణిగారు. గొణగనిచ్చాను.

అందుకే చెబుతున్నాను, క్లాన్ కోసం వెతుక్కునేవాడికి నిజంగా కావలసింది ట్రూప్స్ కాదమ్మా. "ఏరా వచ్చావా" అనే ఒక్క మాట. అది నీ ప్రోగ్రాంలోకి ఎలా ఎక్కిస్తావో నాకు తెలియదు గానీ, ఎక్కించాలి.

నేను ఆ తర్వాత ఏం చేశానో చెబుతాను. ఒకసారి చూసి రాయడం మానేశాను. ఇవాళ డొనేషన్లు రాసుకుని, రెండు రోజులాగి మళ్ళీ చూసేవాణ్ణి. రెండింటి మధ్య ఎంత పెరిగిందో అదే అసలు లెక్క. 900 ఉండి 900 దగ్గరే ఉంటే ఆ మనిషి లేడు. 40 ఉండి 70 అయితే ఉన్నాడు. క్లాన్ వదిలి మళ్ళీ వచ్చినవాడి అంకె సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి, సున్నా చూసి కూడా తొందరపడకు. సీజన్ మారిన మొదటి రోజున అయితే అందరిదీ సున్నాయే, ఆ రోజు నీ యాప్ ఎవరినీ చచ్చినవాళ్ళ కింద కట్టకుండా చూసుకో. ఎన్ని పేర్లు కదిలాయో కూడా లెక్కపెట్టు. ఒక్కడే 50 మందికీ ఇస్తూ ఉంటే అది క్లాన్ కాదు, ఆ ఒక్కడి ఓపిక. క్లాన్ అంతా కలిసి ఆడే క్లాన్ గేమ్స్ నెలనెలా 22 నుంచి 28 దాకా ఉంటాయి, లీగ్ నెల మొదట్లో. ఆ రెండు సందడులూ లేని నడిమి రోజుల్లో చూడు. పెళ్ళిరోజు చూసి ఆ ఇల్లు ఎప్పుడూ ఇలాగే కళకళలాడుతుందని అనుకోకూడదు.

ప్రతి క్లాన్ పక్కనా నువ్వు చూసిన తేదీ వెయ్యి. పదిరోజులు దాటితే జాబితాలోంచి దానంతటదే పోయేటట్టు చెయ్యి. ముఖ్యమైనదని నేను అనుకునేది ఇంకొకటి. పైవరసలో పెట్టబోయే క్లాన్‌లోకి నువ్వే ఒక చిన్న అకౌంట్‌తో వెళ్ళి మూడు రోజులు ఉండు. నమస్తే పెట్టు. ఎంతసేపటికి పలికారో రాసుకో. ఎవరినైనా పంపితే మూడో రోజున వాళ్ళని అడుగు.

వేళ సంగతి మర్చిపోకు. మా క్లాన్ ఇండియా రాత్రిపూట చూస్తే నిశ్శబ్దంగా ఉండేది, మేము డ్యూటీల్లో ఉండేవాళ్ళం. క్లాన్ అంతా కలిసి దాడులు చేసే రెయిడ్ వీకెండ్ శుక్రవారం మీకు మధ్యాహ్నం 12:30కి మొదలవుతుంది, కువైట్‌లో అదే పొద్దున పది. శుక్రవారం మాకు సెలవు. ఆ పది గంటలకి మా క్లాన్ చాట్ తిరునాళ్ళలా ఉండేది. అమెరికాలో ఉన్న మనవాళ్ళ సాయంత్రం మనకి తెల్లవారి ఉంటుంది. ఏ క్లాన్ ఏ వేళకి మేలుకుంటుందో రాస్తే, నైట్ షిఫ్టుల వాళ్ళకి అంతకంటే మేలు లేదు.

ఇప్పుడు తిట్లు. లీడర్లు సంప్రదించడానికని నీ ఫోన్ నంబరు పెట్టావట. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు అది తీసెయ్. తీసేశాకే మిగతాది చదువు. ఆడపిల్లవని కాదు, మగపిల్లాడు పెట్టినా ఇదే అంటాను. కానీ నీ విషయంలో నాకు రెట్టింపు భయం, అబద్ధం ఎందుకు. ఎవరు, ఏ రాత్రి, ఏ బుద్ధితో ఫోన్ చేస్తారో తెలియదు. దానికోసం ఒక మెయిల్ విడిగా తెరువు. నీ కాలేజీ పేరు కూడా ఎక్కడా వద్దు.

అలాగే, ఈ అకౌంట్ నీదేనా అని తేల్చుకోవాలంటే ఆట సెట్టింగ్స్‌లో ఏపీఐ టోకెన్ ఉంటుంది, అది అడిగితే చాలు. ఆటలోకి లాగిన్ అయ్యే సూపర్‌సెల్ ఐడీకి మెయిల్‌లో వచ్చే కోడ్ మాత్రం నువ్వు ఎవరినీ అడగకు, అడిగే క్లాన్‌ని జాబితాలో ఉంచకు. "నీ అటాక్ నేను కొట్టి పెడతాను, కోడ్ పంపు" అనే కో లీడర్లు ఉంటారు. మా రూములోనే ఒకాయన ఆటలో నాలుగేళ్ళు కట్టుకున్న ఊరు అలా ఒక్క సాయంత్రంలో పోగొట్టుకున్నాడు. చిన్నపిల్లలు కూడా నీ జాబితా చూస్తారు. ఈ మాట పైనే, పెద్ద అక్షరాల్లో రాయి.

"మా క్లాన్ పేరు ముందు పెట్టు, వెయ్యి ఇస్తాం" అనేవాళ్ళు వస్తారు. తీసుకోకు. డబ్బు అవసరమైతే నన్నడుగు, మీ అమ్మకి చెప్పను.

పరీక్షలు ఎప్పుడో నాకు తేదీలు పంపు. ఆ రోజుల్లో యాప్ మీద ఫలానా తేదీ వరకు కొత్తగా చూడడం లేదు అని ఒక్క మాట రాసి పెట్టి, హాయిగా చదువుకో. మీ అమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు చేసేది ఊరికే కాలక్షేపం కాదని నాకు తెలుసు, తనకీ అర్థమయ్యేలా చెబుతాను. రాత్రి పన్నెండు దాటి మాత్రం కూర్చోకు, కళ్ళు పోతాయి.

ఆ రాజంపేట కుర్రాడు 2021లో ఊరికి వచ్చేశాడు. ఇప్పుడు వాడికో పాప. ఉగాదికి ఏటా ఫోన్ చేస్తాడు.

మా పాత క్లాన్ ట్యాగ్ నీకు విడిగా పంపిస్తాను. ఇప్పుడు అందులో తొమ్మిది మందిమే మిగిలాం. వార్‌లు లేవు, డొనేషన్లు అంతంతమాత్రం. నీ ప్రోగ్రాం దాన్ని చచ్చిందనే చూపిస్తుంది. జాబితాలో పెట్టమని అడగడం లేదు. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం 12:30 దాటాక ఒకసారి లోపలికొచ్చి నమస్తే అని పెట్టు. నీ టౌన్ హాల్ ఎంతని ఎవరూ అడగరు.

ఇట్లు,
మీ మామయ్య